గాలిమార్పుకి వెళ్ళిన తిరగలి

మా చెల్లెలు శబరి ఫ్రాన్సులో ఉంటుంది. దాని మొగుడిది యానాం. ఫ్రెంచివాళ్ళు ఆ ఊరు వదిలిపోయేటప్పుడు మీలో ఎవరెవరు మావాళ్ళుగా ఉంటారని అడిగితే, మరిదిగారి ఇంట్లో అందరికంటే ముందు ఆయన చెయ్యెత్తాడట. అలా గోదావరి ఒడ్డున పుట్టిన మనిషి ఫ్రెంచి పౌరుడయ్యాడు, ఆయన వెంట నడిచిన పాపానికి మా చెల్లెలూ అయింది. మొన్న ఎండాకాలం నన్ను అక్కడికి రప్పించుకున్నారు. శబరి కొడుకు ఒక పల్లెటూళ్ళో ఇల్లు అద్దెకి తీసుకుని అందరినీ కారెక్కించాడు. రాతిగోడల ఇల్లు, ముందు ఆక్రోటు చెట్టు, దాని కింద గుడ్డ కుర్చీలు, కంచె అవతల ఆవులు. ఊళ్ళో ఒక్క కొట్టుంది, అది కూడా మధ్యాహ్నం మూసేస్తారు. "ఇక్కడ ఏం చెయ్యాలిరా?" అన్నాను. "ఏమీ చెయ్యకూడదు పెద్దమ్మా, అందుకే వచ్చాం" అన్నాడు వాడు. అంతలో కారు డిక్కీలోంచి శబరి ఒక బరువైన వస్తువుని రెండు చేతులా మోసుకొస్తూ కనిపించింది. పిండి రుబ్బే గ్రైండరు. ఏమీ చెయ్యకూడని ఊరికి నా చెల్లెలు రుబ్బురాయి తెచ్చుకుంది. నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నావని అందరూ అడిగారు. మన వంశంలో విదేశీ విహారానికి రాయి వెంట రావడం ఇది మొదటిసారి కాదన్నాను. రెండురోజులు తప్పించుకున్నాను గానీ, మూడోనాడు మధ్యాహ్నమంతా ఆక్రోటు చెట్టు కింద ఆ కథే చెప్పాల్సి వచ్చింది.

నా మొదటి విదేశయాత్ర బస్తరు రాజ్యానికి. ఇప్పుడు నవ్వుతారు గానీ, ఆ రోజుల్లో అది నిజంగా విదేశమే. రాజమండ్రిలో మాది ఇంగ్లీషువాడి పాలన, మా మేనత్తది బస్తరు రాజుగారి పాలన. బస్తరు అంటే మా వీధిలో అందరికీ తెలిసింది రెండే ముక్కలు: చింతపండూ, పులులూ. మా మేనత్త, అంటే నాన్నకి అక్కగారు, పెళ్ళై అక్కడికి వెళ్ళింది. మామయ్య మరైగూడ పక్కన ఒక పల్లెలో పొలం చేస్తూ, చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయ కొని బండ్లమీద సంతలకి తోలేవాడు. ఏడాదిలో ఆయన ఇంట్లో ఉన్న రోజులకంటే బండిమీద ఉన్న రోజులే ఎక్కువ. అందుకే అత్తయ్యకి మొగుడిమీద ఎప్పుడూ కోపం రాలేదని నాయనమ్మ అంటూండేది.

మేం వెళ్ళింది గాలిమార్పుకి. గాలి మారవలసింది మా అమ్మకి. అమ్మ మా ఇంటికి మూడో కోడలు. పెద్దకోడళ్ళిద్దరూ భర్తల ఉద్యోగాల మీద భారం వేసి తెలివిగా వేరే ఊళ్ళకి వెళ్ళిపోయారు. మిగిలిపోయిన అమ్మ మొత్తం ఇంటికి కోడలైంది. నాయనమ్మకి మడి ఉండేది. మడి అంటే ఆవిడ ఒక్కత్తే కట్టుకునేది, ఇల్లంతా మోసేది. తడిబట్టతో నూతిదగ్గర మొదలైన అమ్మ రోజు తిరగలి దగ్గరికి, పొయ్యి దగ్గరికి, మళ్ళీ నూతిదగ్గరికి తిరిగి రాత్రికి గిన్నెల దగ్గర ఆగేది. కందులూ పెసలూ ఇంట్లోనే విసరాలి, కొట్టు పప్పు పనికిరాదు. పసుపు ఇంట్లోనే, శనగపిండి ఇంట్లోనే. తెల్లవారుజామున ఆ తిరగలి రొద వింటూ నిద్రలేచేదాన్ని. అమ్మ పాట పాడేది కాదు. పాటకి ఊపిరి మిగిలేది కాదు.

నా తరవాత అమ్మకి రెండుసార్లు నెలలు నిండకుండానే పోయాయి. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు డాక్టరుగారు నాన్నని వీధి అరుగుమీద కూర్చోబెట్టి, ఈసారి బిడ్డ దక్కాలంటే ఆవిడ వంగకూడదు, బరువెత్తకూడదు, వీలైతే మంచం దిగకూడదని చెప్పారు. లేకపోతే బిడ్డేకాదు, తల్లికీ పూచీ లేదన్నారు. తలుపు వెనక నిలబడి నేనూ విన్నాను. నాయనమ్మ కూడా విన్నది. "ఆయనేమైనా కన్నాడా? పనిచేస్తేనే కాన్పు సుళువు. నేను తొమ్మిదో నెలలో గంపెడు కందులు విసిరి, చెయ్యి కడుక్కొచ్చి మీ నాన్నని కన్నాను" అంది. నాన్న తల్లి మాట కాదనలేడు, డాక్టరు మాట తోసెయ్యలేడు. అలాంటి మగవాళ్ళకి దేవుడు ప్రయాణాలు కల్పిస్తాడు. బస్తరు అక్కయ్య దగ్గరికి పంపుతానన్నాడు. అక్కడైతే మడి లేదు, చాకిరీ లేదు, చల్లటి అడవి. అంతా బాగానే ఉంది గానీ, "కడుపుతో ఉన్న పిల్లని ఒంటరిగా అడివిలోకి పంపడానికి నేనేం రాక్షసినా?" అని నాయనమ్మ కూడా బయల్దేరింది. ఆవిడతో మడిపెట్టె బయల్దేరింది. దానితో మా తిరగలి బయల్దేరింది. ఎవరెవరో ఏమేమో విసిరిన రాళ్ళతో విసిరిన పప్పు తాను తినదట. అమ్మ విశ్రాంతి కోసం వెళ్తూ అమ్మ పనినంతా జాగ్రత్తగా గోనెలో చుట్టి లాంచీ ఎక్కించాం.

కూనవరం దాకా లాంచీ, అక్కణ్ణుంచి శబరి ఏట్లో పడవ. ఎండాకాలం కదా, నీళ్ళు తక్కువై ఇసకమేటల దగ్గర పడవవాళ్ళు దిగి నెట్టేవాళ్ళు. ఒకచోట నాన్న, "ఇక్కడితో ఇంగ్లీషువాడు సరి, ఇక బస్తరు రాజుగారిది" అన్నాడు. గీత ఎక్కడుందోనని నీళ్ళలోకి వంగి చూశాను. రెండువైపులా ఒకే ఇసక, ఒకే కొంగలు. నాయనమ్మ మాత్రం విదేశంలోకి వచ్చామని గుర్తుగా నాలుగు చుక్కల నీళ్ళు తలమీద చల్లుకుంది. కొంటలో దిగేసరికి అత్తయ్య పంపిన బండి ఉంది. బండి తోలుకొచ్చినవాడు జోగయ్య, అత్తయ్యవాళ్ళ పాలేరు, ఆ ఊరి దొర్ల కోయవాడే. గోనె విప్పి చూసి, తిరగలిని భుజాన వేసుకుని, "ఏందమ్మా, మా అడివిల రాళ్ళు లేవనుకున్నరా?" అన్నాడు. నాయనమ్మ ఆ మాటని చాలారోజులు మరిచిపోలేదు. నాన్న మమ్మల్ని దిగబెట్టి, సెలవు లేదని అదే పడవలో వెనక్కి వెళ్ళిపోయాడు.

అత్తయ్యని చూసి నాయనమ్మ దిగులుపడింది. కూతురు రాజమండ్రి మాట మరిచిపోయింది. మాతో ఒక తెలుగు, జోగయ్యతో దొర్ల మాట, సంతకొచ్చిన వాళ్ళతో హల్బీ, పట్వారీ వస్తే హిందీ. "ఏందమ్మా, అట్ల సూస్తవేంది? అన్నం తిను" అంటే, "ఏందేవిటే? ఏవిటి అనలేవూ?" అని నాయనమ్మ విసుక్కునేది. ఆ ఇంటి పెరడంతా ఇప్పపువ్వు ఆరబోసి ఉండేది. దాని వాసన తియ్యగా, మత్తుగా, పొద్దెక్కేకొద్దీ ముదిరేది. ఆ వాసన సోకిన పెరట్లో మడి నిలవదని నాయనమ్మ తీర్మానించి ముందు అరుగుకి మారింది. అరుగుమీద ఒక పక్క ఆవిడ మంచం, మరోపక్క తిరగలి, మధ్యలో అమ్మ. అంతే, రాజమండ్రి మా వెనకే వచ్చేసింది. మర్నాడు తెల్లవారుజామున కళ్ళు తెరవకుండానే నాకు తిరగలి రొద వినిపించింది, మా ఇంట్లోనే ఉన్నాననుకున్నాను.

అత్తయ్య చెప్పిచూసింది. "అమ్మా, గాలిమార్పని పంపిండు తమ్ముడు. గిట్ల తిప్పిస్తె ఎట్ల? బిడ్డ దక్కొద్దా?" "బిడ్డ దక్కేది దైవం చేతిలో ఉంది, పప్పు దక్కేది మన చేతిలో ఉంది" అని నాయనమ్మ జవాబు. ఒకరోజు విసురుతూ విసురుతూ అమ్మ ఆగిపోయి, నడుం పట్టుకుని గోడకి ఆనింది. మొహం తెల్లగా పాలిపోయింది. అత్తయ్య పరిగెత్తుకొచ్చి లోపల పడుకోబెట్టింది. నాయనమ్మ సాయంత్రానికి మిగిలిన పెసలు చేటలో పోసి అక్కడే ఉంచింది. ఆ చేటని చూస్తే నాకు భయం వేసేది. ఈ ఊళ్ళోనే బిడ్డ పోతుందని, అమ్మా పోతుందని నా నమ్మకం.

ఆ చేట ఖాళీ అయ్యేలోపలే ఊళ్ళో డప్పు మోగింది. విత్తనాల పండుగట. పొలంలో విత్తు వెయ్యడానికి ముందు ఆ ఊళ్ళు చేసుకునే పండుగ. మగవాళ్ళంతా విల్లంబులు తీసుకుని వేటకి పోతారు. వాళ్ళు తిరిగొచ్చేదాకా ఊరు కట్టు. పొలిమేర దాటి ఎవరూ పోకూడదు, బయటివాళ్ళు రాకూడదు. దంచకూడదు, విసరకూడదు, నూతిలో చేద వెయ్యకూడదు. తెచ్చిపెట్టుకున్న నీళ్ళూ, ఉన్న గింజా ఉడకేసుకుని కూర్చోవాలి. తప్పితే ఊరికి కోడి, సారా తప్పు కట్టాలి. వేట దొరక్క వట్టి చేతులతో వచ్చిన మగవాళ్ళమీద ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లుతారు. ఊరిపెద్ద గడపలోకి వచ్చి తన మాటలో ఇదంతా చెప్తే, అత్తయ్య తెలుగు చేసి నాయనమ్మకి చెప్పింది.

నాయనమ్మ కొట్టిపారేస్తుందనుకున్నాను. ఆవిడ లేచి కూర్చుని శ్రద్ధగా విన్నది. నలభై ఏళ్ళుగా ఇంకొకళ్ళకి నియమాలు చెప్పిన మనిషికి, తనకి నియమం చెప్పేవాడు మొదటిసారి ఎదురయ్యాడు. ఆవిడ కళ్ళలో గౌరవం కనిపించింది. "పెరుగు చిలకొచ్చునా?" అని అడిగించింది. "నానబెట్టిన పప్పు రుబ్బితే విసిరినట్టా, కాదా? అడుగు." ఊరిపెద్ద ఒక్క ముక్కలో జవాబిచ్చేవాడు. అత్తయ్య తర్జుమాలో అది పొడుగయ్యేది. చివరికి ఆయన అత్తయ్య ఇచ్చిన మజ్జిగ తాగి, చుట్ట వెలిగించుకుని లేస్తూ ఏదో అన్నాడు. మజ్జిగ బాగుందన్నాడని నాకు చాలా తరవాత తెలిసింది. అత్తయ్య మాత్రం మొహం గంభీరంగా పెట్టి, "అన్నిటికన్న గట్టి రివాజు ఒకటున్నదంట అమ్మా. కడుపుతోటి ఉన్నామె పూచికపుల్ల ముట్టొద్దంట. ముడితె ఊరందరి విత్తనం మొలవదంట" అంది. నాయనమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. ఊరందరి పంట తన నెత్తిమీదికి తెచ్చుకోవడం ఆవిడకి ఇష్టంలేదు. కోడిని తన చేత్తో ఇవ్వడం అంతకన్నా ఇష్టంలేదు. తిరగలిమీద గోనె కప్పించింది.

అలా మా అమ్మకి సెలవు వచ్చింది. వంట ఎవరు చెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. అత్తయ్య చేస్తే నాయనమ్మ తినదు, అమ్మ పుల్ల ముట్టకూడదు. కాబట్టి నాయనమ్మే పొయ్యి ముందు కూర్చుంది. ఎన్నాళ్ళయిందో ఆవిడ వంట చేసి, అన్నం మాడ్చింది, చారులో ఉప్పు మరిచింది. "ఎలా ఉంది?" అని అడిగితే అమ్మ, "బాగుందత్తయ్యగారూ" అంది. అత్తగారు వండిపెట్టగా తినడం అమ్మకి అదే మొదలు, ఉప్పు సంగతి ఆవిడకి ఎలా తెలుస్తుంది? మొదటిరోజు అమ్మకి కూర్చోవడం చేతకాలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక కొంగు ముడివేసి విప్పుతూ ఉండేది. రెండోనాడు మధ్యాహ్నం నిద్రపోయింది. అమ్మ పగలు పడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. భయపడి ముక్కుదగ్గర వేలు పెట్టి చూశాను. తరవాత తరవాత పక్కింటి దొర్ల ఆడవాళ్ళు వచ్చి ఆవిడ మంచం చుట్టూ చేరేవాళ్ళు. వాళ్ళకీ పనిలేదు. వాళ్ళ మాట అమ్మకి రాదు, అమ్మ మాట వాళ్ళకి సగమే వచ్చు. అయినా ఎందుకో నవ్వుకునేవాళ్ళు. మా అమ్మ పళ్ళు అంత బాగుంటాయని నాకు బస్తరులో తెలిసింది.

పండుగ ఎంతకాలమని ఉంటుంది? వేట వచ్చేసింది. డప్పులు మోగాయి, ఊళ్ళో ఆటా పాటా అయ్యాయి. మర్నాడు ఇంటింటా రోకటిపోట్లు మొదలయ్యాయి. నా గుండెలోనూ మొదలయ్యాయి. నాయనమ్మ చెవి ఒగ్గింది. "దంచుతున్నారేవిటే?" అత్తయ్య చేటతో చెరుగుతూ తలెత్తకుండా చెప్పింది. "ఊరోళ్ళకి అయిపోయిందమ్మా. ఎవరింటి మనిషి తిరిగొస్తె ఆళ్ళ ఇంటికి విడుపు. మన ఇంటి తరపున జోగయ్య పోయిండు గద, ఆడు ఇంకా రాలే." జోగయ్య ముందురోజే వచ్చాడు. ఏటి దగ్గర అడవిపంది వాటా పంచుకుంటుంటే నేను కళ్ళారా చూశాను. ఆ మాట చెప్పబోతే అత్తయ్య నావైపు ఒక్క చూపు చూసి, "బుల్లీ, పెరట్ల ఉసిరికాయలున్నయి, తిందువు గాని పో" అంది. వెళ్ళాను. పెరట్లో పశువుల కొట్టంలో జోగయ్య ఉన్నాడు. "నేను అడివిల ఉన్నగద బిడ్డా, నన్ను సూడకు" అన్నాడు.

ఆ పూటనుంచి పాపం జోగయ్యకి అజ్ఞాతవాసం. కొట్టంలో పని, ముందు అరుగువైపు రాకూడదు, గట్టిగా దగ్గకూడదు. నాయనమ్మ రోజూ అడిగేది. అత్తయ్య రోజూ ఒక ఊరు చెప్పేది. "దోర్నాపాల్ కాడ కనపడ్డడంట." "దుప్పి ఎంటపడి సుక్మా దాటిండంట." ఆ దుప్పి ఎలాంటిదో గానీ, బస్తరు రాజ్యమంతా వాడిచేత కొలిపిస్తోంది. అమ్మకి అబద్ధం అర్థమయ్యింది. అర్థమైన కొద్దీ ఆవిడ మంచంమీద బిగుసుకుపోయి కూర్చునేది, తెలిసిపోతే ఏమవుతుందోనని. నేనైతే రాత్రిళ్ళు దేవుణ్ణి దుప్పిని కాపాడమని మొక్కుకునేదాన్ని.

ఒకరోజు పొద్దున్నే పూజకి పువ్వులు చాలలేదు. ఇప్పపువ్వు వాసనకి ముక్కు మూసుకుని, ఎన్నడూ రాని నాయనమ్మ పెరట్లోకి వచ్చింది. నేను వెనకే ఉన్నాను. గేదెకి కుడితి పెడుతూ జోగయ్య. వాడి చేతిలో కుడితి బాన, ఆవిడ చేతిలో సజ్జ. ఇద్దరి మధ్యా నాలుగు అడుగులు. గేదె ఒక్కటే చప్పుడు చేస్తూ తాగుతోంది. నాయనమ్మ వాణ్ణి కిందినుంచి మీదికి చూసి, నందివర్ధనం పువ్వులు నింపాదిగా కోసుకుని, వెనక్కి తిరిగి ముందు అరుగుమీదికి వెళ్ళింది. అయిపోయింది, ఇక గోనె తీసేస్తుందనుకున్నాను. అమ్మ మంచం దిగి నిలబడింది. అప్పుడే నాయనమ్మ మొహం చూసి కనిపెట్టినట్టుంది. గోడమీద చెయ్యి వేసి తిరగలి వైపు నడవబోయింది.

"ఏవే, మీ జోగయ్య వేటనుంచి వచ్చాడా?" అంది నాయనమ్మ కూతురితో.

అత్తయ్యకి పెరట్లో జరిగింది తెలీదు. "ఇంకా రాలేదమ్మా" అంది.

"అయ్యో పాపం. ఈ ఎండల్లో ఎక్కడ తిరుగుతున్నాడో" అని, అమ్మవైపు తిరిగి, "నువ్వెందుకు లేచావు? వాడొచ్చేదాకా పుల్ల ముట్టకూడదని చెప్పలేదూ? ఊరి విత్తనం పాడుచేస్తావా ఏవిటి? పడుకో" అంది నాయనమ్మ. అమ్మ అలాగే నిలబడి ఏడ్చింది. ఎందుకేడుస్తున్నావని ఎవరూ అడగలేదు. ఆ మధ్యాహ్నం చారులో ఉప్పు సరిగ్గా ఉంది.

ఆ తరవాత అబద్ధం నాయనమ్మ చేతిలోకి వెళ్ళిపోయింది. పెద్ద చేయి పడేసరికి దానికి బలం వచ్చింది. రోజూ అన్నాలయ్యాక ఆవిడే ఎత్తుకునేది. "ఎక్కడిదాకా పోయాడటే జోగయ్య?" అత్తయ్యకి ఊళ్ళ పేర్లు అయిపోవస్తున్నాయి. "తోంగ్‌పాల్ కాడ ఉన్నడంట." "అక్కడే ఉండమను. తొందరపడి పరిగెత్తొద్దను" అనేది నాయనమ్మ, మంచంమీద పడుకున్న అమ్మవైపు చూడకుండా. జోగయ్య తోంగ్‌పాల్‌లో చాలాకాలం ఉన్నాడు. అమ్మకి బుగ్గలు వచ్చాయి. బిడ్డ కదులుతోందని నా చెయ్యి తీసుకుని కడుపుమీద పెట్టింది.

నాన్న వచ్చాడు మమ్మల్ని తీసుకెళ్ళడానికి. సామాను సర్దుతుంటే నాయనమ్మ అత్తయ్యతో, "ఇక మీ జోగయ్యని రమ్మనవే. బండి కట్టాలిగా" అంది. అత్తయ్య నోరు తెరిచింది. అప్పటికిగానీ ఆవిడకి తెలీలేదు, ఇన్నాళ్ళూ ఎవరు ఎవరిని ఆడిస్తున్నారో. జోగయ్య తలవంచుకుని వచ్చి ముందు గుమ్మంలో నిలబడ్డాడు.

"వచ్చావా నాయనా. వేట దొరికిందా?"

"దొరకలేదమ్మా" అన్నాడు వాడు నేలచూపులు చూస్తూ.

"అయితే మీ రివాజు ప్రకారం జరగాలి కదా" అంటూ నాయనమ్మ, మడిబట్టతోనే, కళ్ళాపి బకెట్టులో చెయ్యి ముంచి వాడిమీద పేడనీళ్ళు చల్లింది. ఊరి ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. జోగయ్య కూడా మొహం తుడుచుకుంటూ నవ్వి, తిరగలి భుజానికెత్తుకున్నాడు. అది వచ్చినంత బరువుగానే వెనక్కి వెళ్ళింది.

రాజమండ్రిలో నాయనమ్మ మారలేదు. అలా మారిపోతే ఆవిడ నాయనమ్మే కాదు. రాళ్ళు తిప్పనివ్వని అనాగరిక రాజ్యం అని ఏళ్ళతరబడి బస్తరుని తిట్టింది. కానీ ఇంటికి రాగానే, కడుపుతో ఉన్నవాళ్ళు తిరగలి పట్టకూడదని మావైపు ఆచారమని ప్రకటించింది. అలాంటి ఆచారం మావైపు ఎవరూ వినలేదు. అడిగిన పక్కింటావిడని, "మీ ఇంట్లో లేదూ? అయ్యో" అని జాలిగా చూసింది. ఆ ఏటి వానల్లో అమ్మకి కాన్పై ఆడపిల్ల పుట్టింది. పేరు నాయనమ్మే పెట్టింది.

ఇప్పుడు ఆ పిల్లకి డెబ్బై దాటాయి. ఫ్రాన్సు పల్లెలో కట్టు లేదు, ఊరిపెద్ద లేడు, తప్పు కట్టించుకునేవాళ్ళు లేరు. ఎవరికి కావలసినంత విశ్రాంతి వాళ్ళు తీసుకోవచ్చు. అందుకేనేమో నా చెల్లెలికి దొరకడంలేదు. పొద్దున్న అందరికంటే ముందు లేస్తుంది, అద్దె ఇంటి కిటికీలు తుడుస్తుంది, కోడలికి నడుంనొప్పని పిల్లల గిన్నెలు తనే కడుగుతుంది. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయని డాక్టరు చెప్పాడని దాని కొడుకు నాతో రహస్యంగా అన్నాడు. "నువ్వైనా చెప్పు పెద్దమ్మా, మా మాట వినదు" అన్నాడు. దక్కుతుందో దక్కదోనని తిరగలిమీద గోనె కప్పి, జోగయ్యని అన్ని ఊళ్ళు తిప్పి, అన్ని అబద్ధాలాడి దక్కించుకున్న పిల్ల. దాన్ని అలా చూస్తుంటే నాకు కోపం వచ్చింది.

కథ అయిపోయేసరికి ఆవులు ఇళ్ళకి మళ్ళుతున్నాయి. శబరి కళ్ళు తుడుచుకుని, మోకాళ్ళమీద చేతులు ఆనించి కుర్చీలోంచి లేవబోయింది.

"ఎక్కడికే?"

"పప్పు నానిందక్కా. రుబ్బెయ్యాలి."

"కూర్చో. జోగయ్య ఇంకా రాలేదు."

అది సగం లేచి నావైపు చూసింది. తరవాత మెల్లిగా కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు చాపుకుంది.

"ఎక్కడిదాకా వచ్చాడట?" అంది.

"తోంగ్‌పాల్ దగ్గరే ఉన్నాడట" అన్నాను.